‘స్థిరపడి ఉంటారు’: అప్పీలు తీర్పుల్లో ఆమె కథ

తీర్పు పరిశోధనా వ్యాసమూ కాదు, సాహిత్యమూ కాదు అని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. అంతకుముందు, 2023 అక్టోబరులో, కలకత్తా హైకోర్టు ఒక పోక్సో కేసు అప్పీలులో ముద్దాయిని విడుదల చేస్తూ, కౌమారంలో ఉన్న ఆడపిల్లలు లైంగిక కోరికలను అదుపులో పెట్టుకోవాలని హితబోధ చేసింది. ఆ తీర్పును కొట్టేస్తూ సుప్రీంకోర్టు అన్న మాట ఇది. జడ్జీలు సొంత నీతులు బోధించవద్దని, కక్షిదారులకు అర్థమయ్యేలా సరళంగా, క్లుప్తంగా రాయాలని ఆ మాట ఉద్దేశం. ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు. కానీ సాహిత్యం చదవడమే వృత్తిగా పెట్టుకున్న నాకు అక్కడ ఒక ప్రశ్న మిగిలింది. తీర్పు సాహిత్యం కాకపోవచ్చు, కానీ అది కథ చెబుతుంది కదా? అందులో పాత్రలున్నాయి, కథకుడున్నాడు, ముగింపు ఉంది. ఆ ముగింపు పేజీలో ఆగిపోదు. ఒక మనిషి జైలుకు వెళతాడు లేదా ఇంటికి వెళతాడు. ఇంకో మనిషి నమ్మదగినదిగానో అబద్ధాలకోరుగానో లా రిపోర్టుల్లో శాశ్వతంగా ఉండిపోతుంది.

అత్యాచారం కేసుల్లో స్త్రీవాదులు చట్టం గురించి, పోలీసుల గురించి, విచారణలో ఆమెను నిలదీసే తీరు గురించి చాలా రాశారు. అప్పీలు తీర్పులను కథనాలుగా చదివే పని అంతగా జరగలేదని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో నేను చేస్తున్నది ఆ పనే. కేసు గెలిచామా ఓడామా అన్న లెక్క కాసేపు పక్కన పెట్టి, ఆ తీర్పుల్లో ఆమె జీవితం గురించి ఎవరు మాట్లాడుతున్నారు, ఏ ఆధారంతో మాట్లాడుతున్నారు అని చూడాలనుకుంటున్నాను.

ముందు అప్పీలు ఎలా నడుస్తుందో చెప్పుకోవాలి. సెషన్స్ కోర్టులో సాక్షులు బోనెక్కుతారు. జడ్జి వాళ్ల ముఖం చూస్తారు, గొంతు వింటారు. అప్పీలులో అదేమీ ఉండదు. హైకోర్టు ముందుకు వచ్చేది కాగితం. వాంగ్మూలాలు, వైద్య నివేదిక, కింది కోర్టు తీర్పు ఉంటాయి. వాటి మీద ఇరువైపుల వకీళ్ల వాదనలుంటాయి. అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం చట్టంలో ఉన్నా దాన్ని వాడేది అరుదు. ముద్దాయికి శిక్ష పడ్డ కేసులో హైకోర్టు సాక్ష్యమంతా మళ్లీ తూచవచ్చు. నిర్దోషిగా వదిలేసిన కేసులోనూ తూచవచ్చు. అయితే అక్కడ జాగ్రత్త ఎక్కువ. ముద్దాయి నిర్దోషి అన్న భావనకు కింది కోర్టు తీర్పు మరింత బలం ఇచ్చింది కాబట్టి, రెండు రకాలుగా చదవడానికి వీలుంటే ముద్దాయికి అనుకూలమైన చదువునే ఉంచాలని 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు సూత్రీకరించింది. అది అవసరమైన సూత్రం. తప్పుడు కేసుల్లో ఇరుక్కునే పేదల్ని, దళితుల్ని, ముస్లింలను కాపాడేది కూడా అదే.

కానీ ఆ కాగితం ఎలా తయారవుతుందో కూడా మనకు తెలియాలి. మన దగ్గర చాలా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతుంది, రికార్డులోకి ఎక్కేది ఇంగ్లీషు. ‘నన్ను పాడు చేశాడు’ అని ఒక ఆడమనిషి అంటే, ఆ మాటలో ఉన్న బలవంతం, సిగ్గు, ఊరు తన గురించి ఏమనుకుంటుందోనన్న భయం అన్నీ కలిసి ఒక చట్టపరమైన క్రియగా మారతాయి. అప్పీలు కోర్టు చదివేది ఆ అనువాదాన్ని. పైగా ఆ కాగితాల్లో ఆమెను పిలిచే పేరు ‘ప్రాసిక్యూట్రిక్స్’. అంటే అభియోగం నడిపే స్త్రీ. నిజానికి కేసు నడిపేది రాజ్యం, ఆమె కేవలం సాక్షి. ఆమె చేతిలో లేని పనిని ఆమె పేరుగా పెట్టారు.

ఒకే కాగితాన్ని మూడు రకాలుగా ఎలా చదవవచ్చో తుకారాం వర్సెస్ స్టేట్ ఆఫ్ మహారాష్ట్ర కేసు చూపిస్తుంది. లా రిపోర్టుల్లో ఆ కేసు ముద్దాయి పేరుతో ఉంటే, మహిళా ఉద్యమం దాన్ని మథుర కేసు అని గుర్తుంచుకుంది. 1972 మార్చి 26 రాత్రి, చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయిని లోపల ఆపి, వెంట వచ్చినవాళ్లను బయటకు పంపి, తలుపులు మూశారు. ఆమెకు అప్పటికి 14 నుంచి 16 ఏళ్లు. 1974 జూన్‌లో సెషన్స్ కోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. ఆమె లైంగిక అనుభవం ఉన్న పిల్ల కాబట్టి జరిగింది అత్యాచారం కాదని, ఆమె అబద్ధాలకోరని రాసింది. 1976 అక్టోబరులో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి అవే కాగితాలు చదివి వేరే మనిషిని చూసింది. భయంతో నిస్సహాయంగా లొంగిపోవడం వేరు, ఇష్టపడటం వేరు అంది. ఒకరికి 5 ఏళ్లు, ఇంకొకరికి 1 ఏడాది శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ అవే కాగితాలు చదివింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి జరిగింది ప్రశాంతంగా జరిగిన వ్యవహారమని, ప్రతిఘటించానన్నది కట్టుకథ అని తేల్చి ఇద్దరినీ విడుదల చేసింది.

ఈ మూడు చోట్లా మారింది సాక్ష్యం కాదు, పాఠకుడు. హైకోర్టు తీర్పులో మౌనానికి కారణం వెతికారు. స్టేషన్ మూసి ఉంది, ఎదురుగా ఉన్నది పోలీసు, అడిగే దిక్కు లేదు. ఆ పరిస్థితిలో మౌనానికి అర్థమేమిటని అడిగారు. సుప్రీంకోర్టు తీర్పులో మౌనమే అంగీకారమైంది. మన కథల్లో, నవలల్లో స్త్రీ పాత్ర మౌనాన్ని ‘అంగీకారం’గా చదివిన విమర్శకులను మనం ఎంతకాలంగా ప్రశ్నిస్తున్నామో గుర్తు చేసుకుంటే ఇది కొత్త తగాదా కాదని తెలుస్తుంది. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్ ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగ లేఖ ఆ చదువు మీద నిరసనే. లొంగిపోవడానికీ అంగీకారానికీ మధ్య తేడాను న్యాయస్థానం ఎలా మరిచిపోయిందని వాళ్లు నిలదీశారు. అక్కడి నుంచి నడిచిన ఉద్యమమే 1983 చట్ట సవరణలకు దారి తీసింది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారం కేసుల్లో తాను ఒప్పుకోలేదని ఆమె చెబితే ఒప్పుకోలేదనే భావించాలన్న నిబంధన వచ్చింది. అత్యాచారానికి కనీస శిక్ష 7 ఏళ్లు, కస్టడీలో జరిగితే 10 ఏళ్లు అయింది. అయితే ‘తగిన, ప్రత్యేక కారణాలు’ తీర్పులో రాసి అంతకంటే తగ్గించవచ్చన్న వెసులుబాటు కూడా ఆ సెక్షన్‌లోనే పెట్టారు.

నాకు అసలు ఆసక్తి ఆ ‘కారణాల’ మీద. నేరం రుజువైందా లేదా అన్న దగ్గర కోర్టుకు సాక్ష్యం కావాలి. శిక్ష ఎంత అన్న దగ్గరికి వచ్చేసరికి కథకుడికి స్వేచ్ఛ పెరుగుతుంది. అందుకే ఆ పేజీల్లో పితృస్వామ్య ఊహ సులువుగా బయటపడుతుంది.

ప్రేమ్‌చంద్ వర్సెస్ స్టేట్ ఆఫ్ హర్యానా చూడండి. ఇద్దరు పోలీసులకు 10 ఏళ్ల శిక్ష పడింది. 1989 జనవరిలో సుప్రీంకోర్టు వాళ్ల నేరాన్ని ఖాయం చేస్తూనే శిక్షను 5 ఏళ్లకు తగ్గించింది. కేసులోని విశేష పరిస్థితులు, వాటితోపాటు బాధితురాలి ‘కాండక్ట్’ అన్నవి చెప్పిన కారణాలు. నడవడిక అనే ఆ ఒక్క మాటతో దేశంలోని మహిళా సంఘాలు మండిపడ్డాయి. పునఃసమీక్ష కోరారు. తాము ఆమె శీలాన్ని ఉద్దేశించలేదని, ఫిర్యాదు చేయడంలో అయిన 5 రోజుల ఆలస్యాన్నే ఆ మాటతో సూచించామని కోర్టు వివరణ ఇచ్చింది. శిక్షను మాత్రం పెంచలేదు.

ఇది సాహిత్య విద్యార్థి తప్పక చదవవలసిన సందర్భం. రచయితే వచ్చి తన మాటకు అర్థం చెబుతున్నాడు. సరే, ఆ అర్థమే తీసుకుందాం. పోలీసుల మీద ఫిర్యాదు చేయడానికి ఒక ఆడపిల్లకు 5 రోజులు పట్టింది. అందుకు పోలీసుల శిక్షలో 5 ఏళ్లు తగ్గాయి. నడవడిక అంటే శీలమైనా, ఆలస్యమైనా, నేరం చేసినవాడి శిక్షను కొలిచే తూకంలో రాయిగా వేసింది ఆమెనే కదా? అర్థం మార్చినా వాక్యంలో ఆమె స్థానం మారలేదు.

దీనికి ఎదురు ఉదాహరణగా స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ గుర్మీత్ సింగ్ కేసును చెబుతారు. చెప్పాలి కూడా. 1996 జనవరిలో వచ్చిన ఆ తీర్పు మనకెంతో మేలు చేసింది. పరీక్ష రాసి వస్తున్న స్కూలు పిల్లను 1984 మార్చిలో కారులో ఎత్తుకుపోయారు. కింది కోర్టు ఆమెనే అనుమానించి ముద్దాయిలను వదిలేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. ఆమె మాట నమ్మదగినదైతే వేరే సాక్ష్యం కోసం పట్టుబట్టనక్కరలేదని, ఏ స్త్రీనీ చెడునడత గలదని కోర్టు ముద్ర వేయకూడదని, విచారణ రహస్యంగా జరపాలని చెప్పింది. ఈ పేజీలు మనం పిల్లలకు పాఠం చెప్పదగినవి.

అదే తీర్పు చివరి పేజీకి రండి. శిక్ష దగ్గర కోర్టు ఏం చెప్పింది? ఘటన జరిగి 11 ఏళ్లు దాటింది. ముద్దాయిలు అప్పుడు 21 నుంచి 24 ఏళ్లవాళ్లు. తర్వాత మరే నేరంలోనూ లేరు. వాళ్లూ, ఆ అమ్మాయీ కూడా ఈపాటికి పెళ్లిళ్లు చేసుకుని జీవితంలో స్థిరపడి ఉంటారు. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని 5 ఏళ్ల శిక్ష వేసింది. కనీస శిక్ష కంటే 2 ఏళ్లు తక్కువ.

‘స్థిరపడి ఉంటారు.’ ఈ క్రియాపదం దగ్గర ఆగాలి. ముందున్న పేజీలన్నిటిలో ప్రతి వాక్యానికీ సాక్ష్యం ఉంది. ఫలానా సాక్షి చెప్పింది, ఫలానా కాగితంలో ఉంది అని రాశారు. ముద్దాయిలు మరే నేరంలోనూ లేరన్న సంగతి కూడా తమకు తెలియజేశారని రాశారు. ఆమె జీవితం గురించిన వాక్యం మాత్రం ఊహ. ఎవరూ వెళ్లి అడగలేదు. ఆమెకు పెళ్లయిందా? స్థిరపడిందా? ఆ మర్నాటి పరీక్షల సంగతేమైంది? కోర్టు గది దాకా వెళ్లి ఓడిపోయిన పిల్లగా ఆ ఊళ్లో ఆ 11 ఏళ్లు ఎలా గడిచాయి? ఈ ప్రశ్నలకు రికార్డులో చోటు లేదు. అత్యంత సానుభూతితో రాసిన తీర్పులో కూడా ఆమె భవిష్యత్తుకు కోర్టు ఊహించగలిగింది పెళ్లి మాత్రమే. ఆ పెళ్లిని ముద్దాయిల పెళ్లితో ఒకే వాక్యంలో కలిపి, ఇద్దరికీ ఒకే మనశ్శాంతి ప్రసాదించింది. మన పాత నవలల్లో చివరి అధ్యాయం పెళ్లితో కథను మూసేసినట్టే ఇది కేసును మూసేసింది.

ఇంకో మాట. ఆ 11 ఏళ్లు ఎవరివి? ఆలస్యం ఆమె చేయలేదు. ముద్దాయిలు కూడా చేసి ఉండకపోవచ్చు. అప్పీలు వినడానికి న్యాయవ్యవస్థకు పట్టిన కాలం అది. ఆ కాలమే శిక్ష తగ్గించడానికి కారణమైంది. ఫిర్యాదులో 5 రోజుల ఆలస్యం ఆమెకు వ్యతిరేకంగా పనిచేసింది, అప్పీలులో 11 ఏళ్ల ఆలస్యమూ ఆమెకు వ్యతిరేకంగానే పనిచేసింది. రెండు వేర్వేరు కేసులే అయినా, కాలాన్ని కొలిచే గడియారం ఒక్కటే. 2011లో బల్‌దేవ్ సింగ్ కేసులో ఈ తర్కం ఇంకా ముందుకు పోయింది. ఘటన జరిగి 14 ఏళ్లయింది, రాజీకి వచ్చారు, ఇరువైపులా ఎవరి పెళ్లిళ్లు వాళ్లకయ్యాయి అన్న కారణాలతో సామూహిక అత్యాచారానికి పడ్డ 10 ఏళ్ల శిక్షను అప్పటికి అనుభవించిన దాదాపు మూడున్నర ఏళ్లకు తగ్గించి, ఒక్కొక్కరూ 50,000 రూపాయలు ఆమెకు ఇవ్వాలన్నారు.

సుప్రీంకోర్టు ఎప్పుడూ తగ్గిస్తుందని నేను అనడం లేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన బోడెం సుందరరావు కేసులో 13, 14 ఏళ్ల పిల్ల మీద అత్యాచారానికి కింది కోర్టు వేసిన 10 ఏళ్లను హైకోర్టు 4 ఏళ్లు చేస్తే, 1995లో సుప్రీంకోర్టు 7 ఏళ్లకు పెంచింది. కర్ణాటక నుంచి వచ్చిన కృష్ణప్ప కేసులో 7, 8 ఏళ్ల పాప మీద జరిగిన అత్యాచారానికి వేసిన 10 ఏళ్లను అక్కడి హైకోర్టు 4 ఏళ్లకు తగ్గించింది. అతను చదువులేనివాడు, బలహీనవర్గం వాడు, తాగుడుకు బానిస, ముసలి తల్లి, భార్య, పిల్లలు అతని మీదే ఆధారపడి ఉన్నారు అన్నవి కారణాలు. 2000లో సుప్రీంకోర్టు ఆ కారణాలను తోసిపుచ్చి 10 ఏళ్లనూ పునరుద్ధరించింది. హైకోర్టు వాక్యంలో అతని ఇంట్లో అందరూ ఉన్నారు. తల్లి ఉంది, భార్య ఉంది, పిల్లలున్నారు. పాప ఇంట్లో ఎవరున్నారో ఆ కారణాల్లో లేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? జడ్జీల మనస్తత్వం ఒక్కటే కారణం కాదు. నేరం రుజువయ్యాక శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని దోషిని అడగడం చట్టం విధించిన పద్ధతి. అతను చెప్పుకున్నది రికార్డవుతుంది. ఆ కాగితం అప్పీలు వెంట పైదాకా ప్రయాణిస్తుంది. దాన్ని ఎత్తేయమని నేను అడగను. ఉరిశిక్ష పడే అవకాశం ఉన్న కేసుల్లో ముద్దాయి జీవితం గురించిన సమాచారం కింది కోర్టులోనే సేకరించాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పడం మంచి పని. ఒక మనిషిని శిక్షించేముందు అతని కథ వినడం నాగరికత. నా ఫిర్యాదల్లా ఆమె కథ వినే గడి ఆ ఫారంలో లేకపోవడం గురించి.

అప్పీలు హక్కులో కూడా ఇదే కనిపిస్తుంది. 2009 డిసెంబరు 31 దాకా బాధితులకు అప్పీలు హక్కే లేదు. అప్పుడు అమల్లోకి వచ్చిన సవరణ మూడు సందర్భాల్లో హక్కిచ్చింది. ముద్దాయిని వదిలేసినప్పుడు, చిన్న నేరం కింద మాత్రమే శిక్షించినప్పుడు, పరిహారం చాలనప్పుడు. శిక్ష చాలనప్పుడు మాత్రం అప్పీలుకు వెళ్లవలసింది ప్రభుత్వమే. ఆ హక్కు బాధితులకు లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా దీన్ని అలాగే ఉంచింది. డబ్బు తక్కువైందని ఆమె అనవచ్చు, న్యాయం తక్కువైందని అనకూడదు! దర్యాప్తు నుంచి అప్పీలు దాకా ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని 2022లో సుప్రీంకోర్టు అంది. శిక్ష వేసేముందు బాధితుల వాంగ్మూలం తీసుకునే పద్ధతి రావాలని 2018లోనే మల్లికార్జున కొడగలి కేసులో సూచించింది. కొత్త చట్టంలో దానికి చోటు దొరకలేదు.

2013 సవరణ కనీస శిక్ష తగ్గించే వెసులుబాటును తీసేసింది. ‘పెళ్లయి ఉంటుంది’ అని రాసే జాగా మూతపడింది. అంతవరకు మేలే అనిపిస్తుంది. కానీ ఊహ రాసే జాగా మూసేయడం, ఆమె మాట రాసే జాగా తెరవడం ఒకటి కాదు. ఈ తేడా మొదట చెప్పిన కలకత్తా కేసు చివర్లో బయటపడింది.

ఆ అమ్మాయికి ఘటన నాటికి 14 ఏళ్లు, అతనికి 25. ప్రత్యేక కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. హైకోర్టు వదిలేసింది. సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో నేరాన్ని మళ్లీ ఖాయం చేసింది. అప్పటికి ఆమె అతనితోనే ఉంది, ఒక బిడ్డ ఉంది. ఈసారి కోర్టు ‘స్థిరపడి ఉంటుంది’ అని రాసి ఊరుకోలేదు. నిపుణుల కమిటీని వేసి ఆమెతో మాట్లాడించింది. కమిటీ తెచ్చిన కథ ఎవరి ఊహకూ అందేది కాదు. నేరం కంటే ఎక్కువగా తనను గాయపరిచింది దాని తర్వాత వచ్చిన పోలీసులు, కోర్టులు, అతణ్ని విడిపించుకోవడానికి చేసిన పోరాటం అని తేలింది. సమాజం ఆమెను నిందించింది, ఇంటివాళ్లు వదిలేశారు, చట్టం ఆదుకోలేదు అని 2025 మే 23న కోర్టు ఒప్పుకుంది. రాజ్యాంగం 142వ అధికరణం కింద శిక్ష వేయకుండా వదిలేసింది. ఇది మరే కేసుకూ ఆనవాలు కాకూడదని కూడా చెప్పింది.

ఈ ముగింపు మనకు సుఖంగా ఉండదు. పాతికేళ్లవాడు 14 ఏళ్ల పిల్లను తీసుకుపోయిన కేసులో శిక్ష లేకపోవడం ఒక తప్పుడు సందేశం కాదా అని అడగవచ్చు. పుట్టింటికి తలుపు మూసుకుపోయిన పిల్ల ‘ఇతనే కావాలి’ అంటే అది ఎంపికా, మరో రకం లొంగుబాటా అనీ అడగవచ్చు. 1979 నాటి బహిరంగ లేఖ నేర్పిన ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది. ఈ ప్రశ్నలను నేను దాటవేయడం లేదు. అయినా గుర్మీత్ సింగ్ తీర్పు చివరి పేజీ పక్కన ఈ తీర్పును పెట్టి చూస్తే ఒక తేడా తిరుగులేకుండా కనిపిస్తుంది. అక్కడ ఆమె జీవితం కోర్టు ఊహించిన వాక్యం. ఇక్కడ ఆమెను అడిగి తెలుసుకున్న వాక్యం. నిర్ణయం సరైనదా కాదా అని మనం వాదించుకోగలుగుతున్నామంటే, వాదించుకోవడానికి ఆమె చెప్పింది మన ముందు ఉంది కాబట్టి. ఊహతో వాదించలేం.

అందుకే శిక్ష ఎన్నేళ్లు అన్న లెక్కతో మన విమర్శ ముగియకూడదు. 5 అయినా, 10 అయినా, 20 అయినా, ఆ అంకె ముందున్న వాక్యాన్ని చదవాలి. ఆ వాక్యంలో కర్త ఎవరు, క్రియ నిశ్చయార్థంలో ఉందా, సందేహార్థంలో ఉందా, అది ఏ సాక్ష్యం నుంచి వచ్చింది అని అడగాలి. వ్యాకరణం తరగతిలో మనం రోజూ అడిగే ప్రశ్నలే ఇవి. న్యాయశాస్త్రం చదివిన స్త్రీలు పిటిషన్లు రాస్తున్నారు, రాస్తారు. సాహిత్యం చదివిన మనం చేయగల పని ఈ చదువు. శిక్ష విధించే దశలో ఆమె చెప్పుకునేది రాసుకోవాలి, శిక్ష చాలదని అప్పీలుకు వెళ్లే హక్కు ఆమెకు ఉండాలి, శిక్ష వద్దనుకుంటే ఎందుకు వద్దో చెప్పుకునే చోటూ ఉండాలి. ఈ మూడింటినీ అడగడానికి కావలసిన ఆధారం తీర్పుల్లోనే అచ్చయి ఉంది. ‘స్థిరపడి ఉంటారు’ అన్న ప్రతిచోటా అక్కడ ఒక మనిషిని అడగలేదని మనం రాసి పెట్టాలి.